పొదుపు ఊరిది, పెత్తనం ఎవరిది?

మన కథల్లో షావుకారు ఉన్నాడు. కల్లంలో కాటా దగ్గర నిలబడ్డ షావుకారు, పాత నోటు చించి వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకునే షావుకారు, పెళ్లికి అప్పిచ్చి పొలం రాయించుకున్న షావుకారు - మన రచయితలు వాణ్ణి నిలువెత్తునా పట్టుకున్నారు. కరణాన్నీ మునసబునీ వదల్లేదు. కాని బ్యాంకు గురించి మన సాహిత్యం చెప్పింది తక్కువ. చెప్పినచోట కూడా అది మధ్యతరగతి గుమాస్తా ఆఫీసుగానే ఎక్కువగా కనబడుతుంది. పల్లెలో ఎవరు సేద్యంలో నిలబడాలో, ఎవరు మూటాముల్లె సర్దుకుని ఊరు విడవాలో నిర్ణయించే శక్తిగా కనబడదు.

ఇందుకు నాకు తోచే కారణం ఇది. షావుకారుకు ముఖం ఉంది. బ్యాంకుకు ముఖం లేదు, నిర్మాణం ఉంది. ముఖాన్ని చూసి రాయవచ్చు. నిర్మాణాన్ని మాత్రం కూర్చుని చదవాలి. ఈ వ్యాసం ఆ చదువుకు చిన్న ప్రయత్నం. మన కోస్తాలో పుట్టి, మన పొదుపుతో పెరిగి, 2020లో పేరు పోగొట్టుకున్న ఆంధ్రా బ్యాంకునూ, దాని చుట్టూ అల్లుకున్న సంస్థలనూ ఇక్కడ పరిశీలిస్తున్నాను. పోలిక కోసం దాదాపు అదే కాలంలో జపానులో పుట్టిన ఒక ట్రస్టు బ్యాంకింగు సమూహాన్ని కూడా కొంచెం చూద్దాం.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోతే నేనేదో దూరాన నిలబడి లెక్కలు చెబుతున్నానని పాఠకులు అనుకోవచ్చు.

మాది పర్చూరుకూ చిలకలూరిపేటకూ మధ్య ఒక నల్లరేగడి ఊరు. మా నాయన ఆరెకరాలు కౌలుకు చేసేవాడు. 1980ల నడుమ పత్తి మీద తెల్లదోమ పడింది. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, దోమ పెరిగినకొద్దీ మందుల కొట్లో అరువు పెరిగింది. ఆ ఏడు నాయన నన్ను వెంటబెట్టుకుని ఒక బ్యాంకుకు వెళ్లాడు. నేను చదువుకుంటున్నాను గనక కాగితం రాసిపెడతానని ఆయన ధైర్యం. మేనేజరు మర్యాదగానే కూర్చోమన్నాడు.

"పొలం ఎవరి పేరున ఉంది పెద్దాయనా?" అన్నాడు.

నాయన ఆసామి పేరు చెప్పాడు. మేనేజరు లెడ్జరు తెప్పించి చూశాడు. "ఈ సర్వే నంబరు మీద ఆయన పంట ఋణం ఎప్పుడో తీసుకున్నాడు. ఒకే పొలానికి రెండు అప్పులు ఎట్లా ఇస్తాం?" అన్నాడు.

అప్పు తీసుకున్న ఆసామి సేద్యం చేయడం లేదు. సేద్యం చేస్తున్న మనిషికి అప్పు లేదు. నాయన "సరేనయ్యా" అని లేచాడు. బస్సులో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మందుల కొట్టుకూ పత్తి దళారికీ రాసిచ్చిన నోట్లు తీరడానికి మాకు తొమ్మిదేళ్లు పట్టింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. మా నాయన బతికి బయటపడ్డాడు.

తర్వాత నేనూ బ్యాంకు గుమాస్తానే అయ్యాను. 30 ఏళ్లకు పైగా కౌంటరుకు ఇవతలి వైపు కూర్చున్నాను. ఆ మేనేజరు చెడ్డవాడు కాడని అక్కడ కూర్చున్నాకే నాకు అర్థమైంది. చెడ్డవాడు కాని మనిషి చేత ఆ మాట అనిపించింది ఏమిటన్నదే ఈ వ్యాసంలో అసలు ప్రశ్న.

ధర్మకర్తా, బాకీదారా?

డబ్బు బ్యాంకులో "దాచుకున్నాం" అంటాం. చట్టం దృష్టిలో ఆ మాట సరైనది కాదు. డిపాజిట్ వేసిన నాడు మనం బ్యాంకుకు అప్పు ఇస్తున్నాం. ఆ క్షణం నుంచి ఆ సొమ్ము బ్యాంకుది. గడువుకు వడ్డీతో తిరిగి ఇవ్వడం వరకే దాని బాధ్యత. ఈలోగా ఆ సొమ్మును ఎవరికి ఇవ్వాలో, ఏ ఊరికి పంపాలో మనల్ని అడగనక్కర్లేదు. అంటే బ్యాంకు మనకు బాకీదారు.

ట్రస్టు సంగతి వేరు. గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. మాన్యం ఆయన సొంతం కాదు. ఆయన సొంత అప్పులకు దాన్ని జప్తు చేయడానికి వీల్లేదు. ఫలసాయం ఎవరికోసం ఉద్దేశించారో వాళ్లకే చెందాలి. ఇందులో మూడు పక్షాలున్నాయి: సొత్తు అప్పగించినవాడు, నిర్వహించేవాడు, ఫలం అందుకునేవాడు. ధర్మకర్తలు మాన్యాలను ఏం చేశారో మన పల్లెలకు బాగానే తెలుసు. అయినా ఈ మూడు పక్షాల లెక్కను గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికొస్తుంది.

ఈ ధర్మకర్తృత్వాన్నే వ్యాపారంగా నడిపిన దేశం జపాను. అక్కడ 1922లో ట్రస్టు చట్టం, ట్రస్టు వ్యాపార చట్టం వచ్చాయి. అంతకుముందు ట్రస్టు అనే బోర్డు తగిలించుకుని వడ్డీ వ్యాపారం చేసే చిన్న కంపెనీలు వందలుగా ఉండేవి. చట్టంతో అవి చాలావరకు తుడిచిపెట్టుకుపోయి, రంగం పెద్ద వ్యాపార కుటుంబాల చేతికి వచ్చింది. 1924లో మిత్సుయి ట్రస్టు, 1925లో సుమితోమొ ట్రస్టు పుట్టాయి. యుద్ధంలో ఓడిన తర్వాత, అమెరికా ఆక్రమణ కాలంలో, 1948లో ఇవి ట్రస్టు బ్యాంకులుగా మారాయి. ఆ పెద్ద కుటుంబాల పేర్లు అప్పుడు పనికిరాకుండా పోయాయి. మిత్సుయి కాస్తా టోక్యో ట్రస్టు అయింది, సుమితోమొ ఫుజి ట్రస్టు అయింది. 1952లో ఆక్రమణ ముగిసింది, పాత పేర్లు తిరిగొచ్చాయి. అదే ఏడు ఋణ ట్రస్టు చట్టం చేశారు. చిన్న జీతగాళ్ల పొదుపును పత్రాల రూపంలో పోగుచేసి, విద్యుత్తు, ఉక్కు లాంటి భారీ పరిశ్రమలకు దీర్ఘకాలిక అప్పులుగా మళ్లించడం దాని పని. జపాను పరిశ్రమ మళ్లీ లేవడానికి పనికొచ్చిన డబ్బులో ఇదీ ఒక పాయ.

2000లో మిత్సుయి ట్రస్టు చువో ట్రస్టుతో కలిసింది. 2011 ఏప్రిల్ 1న ఆ సమూహమూ సుమితోమొ ట్రస్టూ ఒకే హోల్డింగు కంపెనీ కిందికి వచ్చాయి. మరుసటి ఏడు అదే తేదీన కింద ఉన్న మూడు ట్రస్టు బ్యాంకులనూ ఒకటి చేశారు. పై కంపెనీ 2024 అక్టోబరు నుంచి సుమితోమొ మిత్సుయి ట్రస్టు గ్రూపు అనే పేరుతో ఉంది. నిర్మాణం ఇట్లా ఉంటుంది: పైన షేర్లు జారీ చేసే కంపెనీ, దాని కింద ట్రస్టు బ్యాంకు, ఆ పక్కన ఆస్తుల నిర్వహణ, స్థిరాస్తి, లీజింగు కంపెనీలు. ట్రస్టు బ్యాంకులో లెక్కలు రెండు. ఒకటి బ్యాంకు సొంత ఖాతా. రెండోది పింఛను నిధులవంటి పరాయి సొత్తు ఉండే ట్రస్టు ఖాతా. ఈ రెండింటినీ కలపడం చట్టం ఒప్పుకోదు.

దీన్ని ఆదర్శమని చూపడం నా ఉద్దేశం కాదు. ధర్మకర్త అనే పేరు పెట్టినా పొదుపు చేసిన జీతగాడు ఆ సొమ్ము ఏ కార్ఖానాకు పోవాలో నిర్ణయించలేదు. కాని ఈ పోలిక మన చేతికి రెండు ప్రశ్నలిస్తుంది. సొత్తు ఎవరిది? ఫలం ఎవరికోసం? ఈ రెండు ప్రశ్నలతో మన దగ్గరికి వద్దాం.

బందరులో పుట్టిన బ్యాంకు

1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1921-22లో చీరాల-పేరాల ప్రజలు ఊరు ఖాళీచేసి గుడిసెల్లో ఉన్నారు. పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు. ఆ వేడి ఇంకా ఆరకముందే, 1923 నవంబరు 20న, మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది. అదే నెల 28న వ్యాపారం మొదలుపెట్టింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం 1 లక్ష. స్థాపకుడు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య.

ఆయన ఒక్క బ్యాంకుతో ఆగలేదు. అంతకుముందే 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో ఉన్నాడు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు వచ్చాయి. పైన హోల్డింగు కంపెనీ లేకపోయినా ఇదీ ఒక సమూహమే. సహకారం, బ్యాంకు, బీమా - పొదుపును పట్టుకునే మూడు వలలూ ఒక్క పట్టణం నుంచే పడ్డాయి.

ఆ పొదుపు ఎక్కడిది? 1850లలో గోదావరి, కృష్ణా ఆనకట్టలు కట్టారు. కాలవల కింద వరి పండింది, తరవాత పొగాకు, వేరుసెనగ, పత్తి వ్యాపారం పెరిగింది. పెద్ద రైతు చేతిలో, మిల్లు యజమాని చేతిలో, ప్లీడరు చేతిలో మిగులు డబ్బు చేరింది. పరదేశ ప్రభుత్వపు అండగల బ్యాంకులు వాళ్లను లెక్కచేయలేదు. మన డబ్బు మన బ్యాంకులో ఉండాలన్న మాట ఆ వర్గానికి నచ్చింది. అందులో నిజమైన దేశభక్తి ఉంది. ఆ సంగతి మనం కాదనకూడదు. అయితే ఆ "మన" అన్న మాటలో ఎవరెవరున్నారో కూడా చూడాలి. వాటాలు కొనగలిగినవాడు ఉన్నాడు, డిపాజిట్ వేయగలిగినవాడు ఉన్నాడు, తనఖా పెట్టడానికి భూమో బంగారమో సరుకో ఉన్నవాడు ఉన్నాడు. పాలేరు లేడు, కౌలుదారు లేడు. ధనికుడు సంపదకు ధర్మకర్తగా ఉండాలన్న గాంధీ సిద్ధాంతాన్ని నమ్మిన తరం అది. ధర్మకర్త అనే మాట విన్నప్పుడల్లా మూడో పక్షం ఎవరని అడగాలి. ఆనాడు ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు.

0.9 శాతం

స్వాతంత్ర్యం వచ్చాక అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే జరిగింది. 1951-52 లెక్కలతో 1954లో నివేదిక వచ్చింది. రైతు చేసే అప్పులో వాణిజ్య బ్యాంకుల వంతు నూటికి 0.9 మాత్రమేనని అది తేల్చింది. వడ్డీ వ్యాపారుల వంతు దాదాపు 70. దేశంలో జాతీయ బ్యాంకులని పేరు పొందిన వాటన్నిటి చరిత్ర ఆ ఒక్క దశాంశంలో ఉంది.

ఆంధ్రా బ్యాంకు సమూహం ఈలోగా మారుతూ వచ్చింది. 1956లో జీవిత బీమా జాతీయమైనప్పుడు ఆ వ్యాపారం ఎల్.ఐ.సి.లో కలిసింది. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో విలీనమైంది. రాష్ట్రం ఏర్పడ్డాక ప్రధాన కార్యాలయం బందరు విడిచి హైదరాబాదు చేరింది. 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. 50 కోట్ల డిపాజిట్ల గీటుకు కింద ఉన్న ఆంధ్రా బ్యాంకు అప్పుడు తప్పించుకుంది. 1980 ఏప్రిల్ 15న రెండో విడతలో జాతీయమైన ఆరింటిలో అదీ ఒకటి.

జాతీయం చేయడం వల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. పల్లెల్లో శాఖలు వచ్చాయి. బ్యాంకు గడప ఎక్కడానికి భయపడే రైతు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోగలిగాడు. మా నాయన ఆనాడు లోపలికి వెళ్లగలిగాడంటే ఆ మార్పు వల్లనే. లోపలికి వెళ్లినవాడికి అప్పు పుట్టడం వేరే విషయం. వాటాలు ప్రభుత్వానికి మారాయి కాని, అప్పుకు ఆధారమేమిటన్న సూత్రం మారలేదు. ఆ ఆధారం భూమి కాగితమే. దున్నినవాడి చేయి ఆధారం కాలేదు.

ఒక చిన్న ఉదాహరణ. మన దేశంలో క్రెడిట్ కార్డును తెచ్చిన తొలి బ్యాంకుల్లో ఆంధ్రా బ్యాంకు ఒకటి. అది 1981లో. పట్నంలో జీతగాడు తనఖా లేకుండా, తన నెల జీతాన్ని చూపి కార్డు మీద అరువు తెచ్చుకోగలిగాడు. కౌలుదారుకు ఋణ అర్హత కార్డు ఇచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చింది. రెండు కార్డులకూ మధ్య 30 ఏళ్లు. రెండోది చేతికి వచ్చినా దాని మీద అప్పు పుట్టేది అరుదు.

మూడు కాలవలు

ఇక నిర్మాణం. మన మెట్టకు బ్యాంకు డబ్బు మూడు కాలవల్లో వస్తుంది.

మొదటిది వాణిజ్య బ్యాంకు. 1969 చివర్లో వచ్చిన లీడ్ బ్యాంకు పథకం కింద ఒక్కో జిల్లాకు ఒక్కో పెద్ద బ్యాంకును ముందు నడిచేదిగా పెట్టారు. గుంటూరుకు ఆంధ్రా బ్యాంకు, ప్రకాశానికి సిండికేట్ బ్యాంకు. జిల్లా ఋణ ప్రణాళిక తయారుచేయడం, మిగతా బ్యాంకులను కూడగట్టడం వాటి పని.

రెండోది గ్రామీణ బ్యాంకు. 1976 చట్టం ప్రకారం దీని వాటాలు కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, స్పాన్సర్ బ్యాంకుకు 35. గుంటూరు వైపు ఆంధ్రా బ్యాంకు నిలబెట్టిన చైతన్య గ్రామీణ బ్యాంకు, ప్రకాశం వైపు సిండికేట్ నిలబెట్టిన పినాకిని గ్రామీణ బ్యాంకు ఉండేవి. 2006లో చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకుతో కలిసి, గుంటూరు కేంద్రంగా చైతన్య గోదావరి అయింది. పినాకిని రాయలసీమ బ్యాంకులతో కలిసి, కడప కేంద్రంగా ఆంధ్ర ప్రగతి అయింది.

మూడోది సహకార కాలవ. ఊళ్లో పరపతి సంఘం, జిల్లాలో కేంద్ర బ్యాంకు, పైన ఆప్కాబ్, ఆ పైన 1982లో పుట్టిన నాబార్డు. 1987లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకగవాక్ష విధానం తెచ్చి, స్వల్పకాలిక, దీర్ఘకాలిక అప్పులు రెండూ ఊరి సంఘం కిటికీలోనే ఇచ్చేట్టు చేశారు.

మూడు కాలవలూ చూడటానికి వేర్వేరు. తలుపులు మాత్రం ఒక్కచోటే ఉన్నాయి. ఎకరా మిర్చికి ఎంత, ఎకరా పత్తికి ఎంత అన్న ఋణ పరిమితిని జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. ఆ పరిమితిని ఎకరాలతో గుణించాలి. ఎకరాలు ఎవరివో పాసు పుస్తకం చెబుతుంది. కమిటీ లెక్క కట్టేది సాగు ఖర్చును. డబ్బు ఇచ్చేది సొంతదారుకు. నిర్మాణంలోని ఇరుసు ఇదే.

దీనిపైన మరో అంతస్తు ఉంది. బ్యాంకు ఇచ్చే అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, అందులో 18 వ్యవసాయానికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. చిన్న, సన్నకారు రైతుల వంతు 10. ఇవ్వలేకపోతే? 1995 నుంచి ఆ లోటు మేరకు డబ్బును నాబార్డులోని గ్రామీణ మౌలిక వసతుల నిధికి జమ చేస్తే సరిపోతుంది. 2016 నుంచి మరో వెసులుబాటు వచ్చింది. లక్ష్యాన్ని మించి ఇచ్చిన బ్యాంకు దగ్గర సర్టిఫికెట్ కొనుక్కోవచ్చు. అప్పు ఆ బ్యాంకు పుస్తకాల్లోనే ఉంటుంది. దాని పుణ్యం మాత్రం కొన్నవాడి లెక్కలో పడుతుంది. యజ్ఞం ఒకడు చేస్తే ఫలం మరొకడు ధారపోయించుకున్నట్టు.

ఇక కౌలుదారు బ్యాంకులో కనబడే దారి ఒకటుంది. అది భార్య మెడలో ఉంటుంది. బంగారం తాకట్టు మీద వ్యవసాయ ఋణం ఇస్తారు, అది వ్యవసాయపు పద్దులోనే పడుతుంది. ఆసామికి భూమి మీద అప్పు, కౌలుదారుకు నానుతాడు మీద అప్పు. లెక్కల్లో రెండూ వ్యవసాయమే.

రెండు రూపాయల వడ్డీ

ఈ ఇరుసు ఖరీదెంతో పైసలతో సహా చెప్పుకోవచ్చు. గడువుకు తీర్చే రైతుకు మూడు లక్షల లోపు పంట ఋణం మీద కేంద్ర రాయితీ పోను పడే వడ్డీ ఏడాదికి 4 శాతం. లక్ష రూపాయలకు 4,000. బయట నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24,000. మూడు రూపాయలైతే 36,000. పాసు పుస్తకం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా లక్షకు 20,000 నుంచి 32,000 దాకా. కౌలు కట్టాక, కూలి కట్టాక, మిగలవలసిన రెక్కల కష్టం అక్కడికే పోతుంది. ఆసామి 4 శాతానికి తెచ్చిన సొమ్మును కౌలుదారుకే రెండు రూపాయలకు తిప్పిన సందర్భాలు నా కౌంటరు ఎదుటే జరిగాయి. అప్పుడు షావుకారు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. బ్యాంకు వెనక నిలబడ్డాడు, అంతే.

మిర్చి సంగతి ఇంకో మలుపు. కోత అయ్యాక కాయ కల్లంలో ఎండబెట్టి, టిక్కీలు కట్టి గుంటూరు యార్డుకు తోలతారు. ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెడతారు. అక్కడిచ్చే బాండు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. ఇక్కడ పాసు పుస్తకంతో పని లేదు. సరుకు ఎవరిదైతే అప్పు వాళ్లది. ఇదేదో కౌలుదారుకు అనుకూలమే అనిపిస్తుంది. కాని తొలకరిలో విత్తనానికీ మందుకూ పెట్టుబడి పెట్టింది కమీషన్ వ్యాపారి. సరుకు తన కొట్టుకే తేవాలని అప్పుడే మాట తీసుకుంటాడు. కాయ ఎండేనాటికి కౌలుదారుకు ఆగే ఓపిక లేదు. ధర వచ్చేదాకా ఆగగలిగినవాడు వ్యాపారి. కాబట్టి బాండు ఎక్కువగా ఎవరి పేరున ఉంటుందో, చవకైన బ్యాంకు డబ్బు ఎవరికి అందుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పెట్టుబడి కావలసిన జూన్‌లో రాని బ్యాంకు, సరుకు చేతులు మారిన మార్చిలో వస్తుంది.

2019లో జాతీయ నమూనా సర్వే లెక్క తీసింది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93 అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు 2,45,554 రూపాయలు. రెండింటిలోనూ దేశంలో మొదటి స్థానం మనదే. బ్యాంకులు లేని వెనకబడ్డ సీమ కాదిది. నూరేళ్ల కిందటే సొంత బ్యాంకు పెట్టుకున్న సీమ.

బోర్డులు మారాయి

2019 ఆగస్టు 30న విలీనాలు ప్రకటించారు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు, ముంబాయి కేంద్రంగా ఉన్న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. అంటే గుంటూరుకూ ప్రకాశానికీ ముందు నడిచిన రెండు బ్యాంకుల పేర్లూ ఒక్క పూటలోనే పోయాయి. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులనూ కలిపి, అమరావతి కేంద్రంగా, యూనియన్ బ్యాంకు స్పాన్సర్‌గా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు.

పేరు పోయినప్పుడు మన వాళ్లు బాధపడ్డారు. సభలు పెట్టారు, తీర్మానాలు చేశారు. ఆ బాధ నాకూ ఉంది. కాని పేరొక్కటి నిలబెట్టుకుంటే సరిపోతుందా? సుమితోమొ, మిత్సుయి పేర్లు నాలుగేళ్లు పోయి మళ్లీ వచ్చాయి. పేరు పోయినప్పుడూ వచ్చినప్పుడూ టోక్యో జీతగాడి పొదుపు మీద పెత్తనం అతనికి దక్కలేదు. మా ఊరినే చూడండి. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, 1970లో ప్రకాశం, 2022లో బాపట్ల జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, మూడు జిల్లాలు మారింది. అట్లాగే రైతు పాసుబుక్కు మీద బ్యాంకు పేరు రెండు మూడుసార్లు మారింది. కౌలుదారుకు మారడానికి అసలు పాసుబుక్కే లేదు.

విలీనంలో అసలు నష్టం మరోచోట ఉంది. నిర్ణయం చేసే కుర్చీ బందరు నుంచి హైదరాబాదుకు, అక్కణ్ణుంచి ముంబాయికి పోయింది. కుర్చీ దూరమైనకొద్దీ కాగితం విలువ పెరుగుతుంది, మనిషి విలువ తగ్గుతుంది. ఊరి మేనేజరుకు ఎవరు సేద్యం చేస్తున్నారో కళ్లతో తెలుసు. ముంబాయిలోని కంప్యూటరుకు సర్వే నంబరు మాత్రమే తెలుసు.

దీనికి చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. హక్కు పత్రం మీద భూయజమాని సంతకం కావాలన్నారు. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచి కాగితమంటేనే జంకే ఆసామి సంతకం పెడతాడా? పెట్టడు. పెడితే తన పంట ఋణం పోతుంది. లబ్ధిదారును తేల్చే అధికారం సొత్తు ఉన్నవాడికే ఇచ్చిన ధర్మకర్తృత్వం ఇది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. అప్పుకు ఆధారం సాగు కావాలి. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రెవెన్యూ యంత్రాంగం ప్రతి ఏడూ నమోదు చేయగలదు. ఆ నమోదుకు యజమాని సంతకం అక్కర్లేదని చట్టం చెప్పాలి. ఆ నమోదునే అప్పు ఇవ్వడానికి చాలిన కాగితంగా బ్యాంకు తీసుకోవాలి. అప్పుడు ఒకే పొలానికి రెండు అప్పులన్న చిక్కు రాదు. సేద్యం మానుకున్న ఆసామి అప్పు ఆగుతుంది, అంతే. ఈ మార్పు ఆగిపోయింది సాంకేతిక కారణాలవల్ల కాదని 30 ఏళ్లు లెడ్జర్లు రాసినవాడిగా చెప్పగలను.

చివరిగా ఒక మాట. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఋణ అర్హత కార్డులు కొత్తగా ఇచ్చిన రోజుల్లో ఒక కౌలు రైతు మా శాఖకు వచ్చాడు. వెంట కొడుకు ఉన్నాడు, కాలేజీ కుర్రాడు, చేతిలో రాసిన దరఖాస్తు. కార్డు నా ముందు పెట్టాడు. నేను కంప్యూటరులో సర్వే నంబరు కొట్టి చూశాను. ఆసామి అప్పు ఉంది. తల ఎత్తకుండానే అడిగాను: "పొలం ఎవరి పేరున ఉంది పెద్దాయనా?"

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకగాని నేనెవరి గొంతుతో మాట్లాడుతున్నానో నాకు తెలియలేదు. పెద్దాయన "సరేనయ్యా" అన్నాడు. కుర్రాడు మాత్రం కదల్లేదు, దరఖాస్తు పట్టుకుని నా వంక చూస్తూ నిలబడ్డాడు.

షావుకారు ముఖాన్ని మన కథకులు చక్కగా చిత్రించారు. ఇక ఈ కౌంటరుకు అటూ ఇటూ ఉన్న నాలుగు ముఖాలనూ, వాళ్ల మధ్యనున్న ఆ సర్వే నంబరునూ రాయవలసి ఉంది.